గొలుసు లాగినవాడి పాట

సర్వే ఆఫీసు రికార్డు గదిలో ఆమెను అందరూ జిగురక్క అనేవారు. పాత పటాల వెనక గుడ్డ అంటించి, చిరుగులు పూడ్చి, ఆరాక చుట్ట చుట్టి అరలో పెట్టడం ఆమె ఉద్యోగం. పందొమ్మిదేళ్లుగా అదే పని కావడంతో గోళ్ల సందుల్లో పిండి జిగురు ఎప్పుడూ ఎండిపోయి ఉండేది. బస్సులో టికెట్టు పుచ్చుకుంటే కండక్టరు వేళ్లు కూడా అంటుకునేవి.

అమ్మా నాన్నా ఒకే ఏడాది పోయారు. అప్పటికి తమ్ముడికి పదేళ్లు. వాణ్ణీ నాయనమ్మనూ ఆమే సాకింది. పెళ్లి మాట ఎత్తినవాళ్లకు "వాడో దారిన పడనీండి" అనేది. వాడు పడిన దారి గిటారు. ముగ్గురు స్నేహితులతో బ్యాండు కట్టి, పల్లెపాటల బాణీలకు కరెంటు గిటార్లూ డ్రమ్ములూ జోడించి పాడేవాడు. నాయనమ్మ వాణ్ణి తీగలోడు అని పిలిచేది. "ఆ తీగలు బట్టలారేసుకోడానికైనా పనికిరావు కదరా" అన్నది ఆవిడ బాధ.

సరిహద్దు గీసి నూట ఇరవై ఏళ్లు కావస్తోందనీ, ఆ కాలపు పుస్తకాలన్నీ అందుకోసం జరిపే సభనాటికి చూపించేలా బాగుచేయమనీ ఆఫీసరు పురమాయించాడు. అలా జిగురక్క చేతికి అప్పట్లో సరిహద్దు కొలిచిన దొర రాసుకున్న ఫీల్డ్ బుక్కు వచ్చింది. రోజూ ఎంత దూరం కొలిచారో, ఎక్కడ రాయి పాతారో అందులో ఉంది. అంచులు అతికిస్తూ ఒక పేజీ దగ్గర ఆమె ఆగిపోయింది.

"ఈ రోజు గీత ఒక ఇంటి మధ్యగా పోయింది. కొలత గొలుసు ముందు కొస పట్టిన చైన్‌మన్ అది తన తోబుట్టువు ఇల్లని నిలబడిపోయాడు. పనిలో ఉంటావా, పోతావా అని అడిగాను. పన్నెండు గంటలకల్లా గొలుసు పెరటి గుమ్మం దాటింది. ఎండ ఎక్కువగా ఉంది."

ఆ చైన్‌మన్ పేరు పక్కనే ఉంది. అది ఆమె ముత్తాత పేరు.

సాయంత్రం ఆ పేజీ నకలు రాసుకొచ్చి నాయనమ్మకు చదివి వినిపించింది. తొంభై ఏళ్ల నాయనమ్మ చాలాసేపు మంచం పట్టెను గోటితో గీకుతూ కూర్చుంది.

"తోబుట్టువంటే అక్కే. తల్లి లేని పిల్లాడని ఎత్తుకుని పెంచిన అక్క," అంది చివరికి. "మా మామగారు జ్వరంలో ఉన్నప్పుడు నాతో చెప్పాడు. పొయ్యి మీద గిన్నె గొలుసుకి అడ్డమొస్తుంటే, ఆయనే పక్కకి జరిపాడట. వంటిల్లు అటుపోయింది, బావి ఇటుండిపోయింది. బిందెడు నీళ్లకి దేశం దాటాలి."

"ఆవిడేమంది?"

"ఏమీ అనలేదట. వీళ్లు అటెళ్లగానే గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టుకుందట. తిట్టినా బాగుండేదమ్మా అని ఏడ్చాడు. ఆ ముసలాయన ఏడవడం నేనదే చూడ్డం." నాయనమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది. "ఈ మాట గడప దాటనీకు. ఆవిడ పిల్లల పిల్లలు అటువైపు ఉండే ఉంటారు. మనం సిగ్గుపడాల్సింది, వాళ్లు ఏడవాల్సింది. పాడుకోవాల్సింది కాదు."

జిగురక్క సరేనంది. నెలరోజులు మాట మీద నిలబడింది కూడా.

కానీ తమ్ముడు మూడేళ్లుగా ఒక్క పాట కట్టలేకపోతున్నాడు. గోడకు వీపు ఆనించి గిటారు ఒళ్లో పెట్టుకుని పొద్దంతా కూర్చునేవాడు. వాణ్ణలా చూడలేక, ఒక ఆదివారం బట్టలు మడత పెడుతూ అంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ వాడి కళ్లు పెద్దవవుతూ వచ్చాయి. ఆ కళ్లు చూసి ఆమె ఇంకా బాగా చెప్పింది.

వారంపాటు వాడు రికార్డు గదికే వచ్చి కూర్చున్నాడు. గొలుసుకు వంద లంకెలని, ముందువాడు "బిగువా?" అని అరిస్తే వెనకవాడు "బిగువే!" అని బదులిచ్చేదాకా కొలత రాయరని ఆమే చెప్పింది. తప్పు మాటలు కొట్టేసింది, ఒప్పు మాటలు అందించింది. పాట పూర్తయిన రోజు వాడు గొంతు తగ్గించి పాడాడు.

*బిగువా? – బిగువే!*
*పొయ్యి మీది గిన్నె జరిపి*
*పొగ నడుమ గొలుసు లాగి*
*అక్క ఇంట అక్కకెదురు*
*ఏ దేశపువాణ్ణి నేను?*
*బిగువా? – బిగువే!*

జిగురక్క జిగురు చేతులతోనే కళ్లు తుడుచుకుంది. తను మాట తప్పకపోతే ఇంత మంచి పాట పుట్టేది కాదు కదా అనుకుని తనను తాను సమాధానపరచుకుంది.

పాటల కంపెనీ పెద్దమనిషి పాటంతా విని బల్ల మీద వేళ్లతో దరువేశాడు. "బాణీ అదిరింది. కానీ లాగినవాడికి ఎవడు చప్పట్లు కొడతాడు చెప్పు? లాగనని తిరగబడాలి. చావాలి. అప్పుడు చూడు."

తమ్ముడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు మార్చేశాడు. కొత్త పాటలో చైన్‌మన్ గొలుసును ఏట్లోకి గిరాటేసి, దొర తుపాకికి రొమ్ము చూపించి, అక్క గుమ్మంలో కుప్పకూలుతాడు. "బిగువా? బిగువే!" మాత్రం అలాగే ఉంచాడు.

ఆ ఏడాది ఆ పాట మోగని చోటు లేదు. ఆటోల్లో, మంగలి షాపుల్లో, పిల్లలు తాడు లాగే ఆటల్లో అదే. వాడు ఇంటర్వ్యూల్లో "మా ముత్తాత కథండీ ఇది" అని చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం పక్కింటి రేడియోలో పాట వచ్చింది. నాయనమ్మ చెవి ఒగ్గి విని, మనవరాలిని కేకేసింది.

"ఈ చచ్చినవాడెవడే?"

జిగురక్క తల వంచుకుంది. నాయనమ్మకు అర్థమైపోయింది. "మా మామగారు నా చేతుల్లో పోయాడు. డెబ్బై ఎనిమిదేళ్లు బతికి, దగ్గుతో పోయాడు," అంది.

సభ ఇంకో వారం ఉందనగా, పొద్దున్నే ఒకామె తలుపు తట్టింది. నలభై అయిదేళ్లుంటాయి, భుజాన సంచీ, చేతిలో నీళ్ల సీసా. సరిహద్దు అవతలి బడిలో టీచరు.

"ఇంటర్వ్యూ చూసి అడ్రసు పట్టుకున్నానండీ. ఆ ఇల్లు మాదే," అంది. "ఆ అక్క మా అమ్మకి అమ్మమ్మ."

నాయనమ్మ మంచం మీంచి లేవబోయి లేవలేక, రెండు చేతులూ చాచింది. టీచరు వెళ్లి పక్కన కూర్చుంది. వరస కలుపుకుంటే జిగురక్కకూ తమ్ముడికీ వదినవుతుంది. చెప్పింది తక్కువే. గీత పడిన ఏడాదిలోనే కాపలా గుడిసె కోసం ఆ ఇల్లు కూలగొట్టారట. ముత్తవ్వ చచ్చేదాకా ఒకరింట్లో వంట చేసి బతికిందట, తన పొయ్యంటూ మళ్లీ పెట్టుకోలేదట.

"పాట మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ రేడియో కట్టేసింది. 'వాడు నిజంగా చచ్చి ఉంటే మా అమ్మమ్మ కనీసం ఏడ్చుకునేది' అంది." టీచరు తమ్ముడి వైపు తిరిగింది. "మేం ఏదో రాబట్టుకుందామని రాలేదు బాబూ. ఒక్కసారి జనం ముందు 'లాగాడు' అని చెప్పు. అమ్మ వింటుంది. అంతే."

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావు, జిగురక్కకు ఆ తేడా తెలుసు. "చెప్తాను వదినా. శనివారం సభలో పాడే ముందు చెప్తాను. మీరూ ఉండండి," అన్నాడు.

శనివారం పొద్దున సభ మొదలవకముందే జిగురక్క గాజుపెట్టెలో ఫీల్డ్ బుక్కును ఆ పేజీ దగ్గరే తెరిచి పెట్టింది. వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఆఫీసరు వంగి చూసి "దొర చేతిరాత ముత్యాల్లా ఉంది" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మైదానం నిండిపోయింది. తమ్ముడు మైకు దగ్గరకొచ్చి "ఈ పాట గురించి మీకో మాట చెప్పాలి" అన్నాడు. అంతలో వెనక వరసల్లోంచి ఎవరో "బిగువా?" అని అరిచారు. "బిగువే!" అని మైదానమంతా బదులిచ్చింది. వాడు ఆ జనాన్ని చూశాడు. మొహం మీద కొంచెం కొంచెంగా నవ్వు విచ్చుకుంది. ఆ నవ్వు చూడగానే వాడిక చెప్పడని జిగురక్కకు తెలిసిపోయింది.

"ఆ వీరుడి అక్క మునిమనవరాలు ఇవాళ మన మధ్యే ఉన్నారు!"

వాడే దిగొచ్చి టీచరు చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లాడు. ఎవరో పూలగుత్తి చేతిలో పెట్టారు. టీచరు మైకు మీదకు వంగి, పాఠం చెప్పే గొంతుతో "ఆయన గొలుసు లాగాడండీ" అంది. ఆమె ఇంకేదో అనబోయేలోపు జనం "లాగు! లాగు!" అని చప్పట్లు కొట్టారు. అదే సైగనుకుని డ్రమ్ములవాడు మొదలుపెట్టేశాడు. పాట అయ్యేదాకా టీచరు వేదిక మీద పూలగుత్తితో నిలబడే ఉంది.

తర్వాత బస్టాండులో సంచీ భుజానికి తగిలించుకుంటూ ఆమె ఒక్కటే అడిగింది.

"ఈ కథ వాడికి చెప్పిందెవరు?"

"నేనే వదినా."

టీచరు తల ఊపింది. బస్సెక్కి, ఇటు పక్క కిటికీ ఖాళీగా ఉన్నా అటు పక్కకెళ్లి కూర్చుంది.

ఇంటికొచ్చిన తమ్ముణ్ణి జిగురక్క గుమ్మంలోనే ఆపింది.

"జనాన్ని చూశావుగా అక్కా. ఎలా చెప్పమంటావ్?"

"నోటితో."

వాడు చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగాడు. లోపల్నుంచి నాయనమ్మ "చెప్పాడా?" అని అడిగింది. జిగురక్క వెళ్లి దుప్పటి సర్దుతూ "చెప్పాడు, అందరూ విన్నారు" అంది. నాయనమ్మ హమ్మయ్య అనుకుంది. మూడు వారాల తర్వాత ఆ నమ్మకంతోనే పోయింది.

నాలుగేళ్లు గడిచాయి. కొత్త పాటలేవీ నిలబడకపోయేసరికి తమ్ముడు పాత పాటనే అసలు మాటలతో, ఒక్క గిటారుతో మళ్లీ విడుదల చేశాడు. "మా వంశం దాచిన నిజం" అని చెప్పుకున్నాడు. సొంత ముత్తాత తప్పును ఒప్పుకున్న ధైర్యశాలి అని పత్రికలు రాశాయి. టీచరును ఎవరూ అడగలేదు. ఆమె తల్లి అంతకు ముందు ఏడాదే పోయిందని ఆ పత్రికలకు తెలియదు.

జిగురక్క పాట మొత్తం విన్నది. తాను దిద్దిన మాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, వేలెత్తి చూపడానికి ఒక్క తప్పు లేదు. కోపం తెచ్చుకుందామన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆ వారమే వాడు రికార్డు గదికి వచ్చాడు. జుట్టు అక్కడక్కడా నెరిసింది. బల్ల అంచున కూర్చుని కాసేపు కాళ్లూపాడు.

"అక్కా, ఆ దొర పుస్తకాలు ఇంకా ఉన్నాయన్నావు కదా. వాటిలో ఏమైనా దొరికాయా?"

ఆమె ముందు రోజే ఒకటి చదివింది. ఏరు దాటుతూ కొట్టుకుపోయిన ఇద్దరు గొలుసువాళ్ల గురించి, వాళ్ల కోసం ఒడ్డున మూడు రోజులు కూర్చున్న ఒక భార్య గురించి అందులో ఉంది. ఆ పుస్తకం ఆమె మోచేతి కిందే ఉంది.

"ఏం లేదురా. అన్నీ చెదలు తినేశాయి," అంది.

వాడు నిట్టూర్చి, టీ తాగుదాం రమ్మన్నాడు. జిగురు ఆరిపోతుందని చెప్పి ఆమె వెళ్లలేదు.