అందరికీ చెప్పే జవాబు

పిల్లల బూట్ల షాపులో కాళ్ళ కొలతలు తీయడం నా పని. పిల్లల్ని బల్ల మీద కూర్చోబెట్టి, నేను కింద మోకాళ్ళ మీద కూర్చుంటే మా మొహాలు సరిగ్గా ఎదురెదురుగా వస్తాయి. వాళ్ళకి నన్ను తీరిగ్గా చూసే వీలు దొరుకుతుంది. కాలు నా చేతిలో ఉంటుంది కాబట్టి లేచిపోవడానికి వాళ్ళకీ వీల్లేదు, నాకూ లేదు. అందుకే అడిగేస్తారు.

"నువ్వు ఆంటీవా, అంకుల్‌వా?"

"ఆంటీని. పుట్టినప్పుడు అందరూ అబ్బాయనుకున్నారు. పొరపాటు పడ్డారు. పెద్దయ్యాక నేను సరిచేసుకున్నాను. ఏదీ, బొటనవేలు కదుపు చూద్దాం."

కదుపుతారు. వాళ్ళవరకు ఆ సంగతి అక్కడితో అయిపోతుంది. వాళ్ళమ్మలే ఇంకో పది నిమిషాలు గోడకున్న చెప్పుల్ని అదే పనిగా చూస్తూ నిలబడతారు. ఆ నాలుగు ముక్కలూ కుదుర్చుకోవడానికి నాకు మొదటి ఏడాదంతా పట్టింది. ఇప్పుడు వాటంతటవే వస్తాయి. చెప్పేటప్పుడు లోపల ఏమీ కదలదు.

బడులు తెరవడానికి వారం ముందు, ఒక సోమవారం, మిడత వాళ్ళమ్మ ఫోన్ చేసింది. మిడత నా కూతురు. ఒకచోట కాలు నిలవదని ఆ పేరు నేనే పెట్టాను. తొమ్మిదేళ్ళొచ్చాయి. దానికి ఆరేళ్ళప్పుడు నేను ఇల్లు వదిలాను. అప్పటినుంచీ చూడలేదు. "కాస్త ఊహ తెలియనీ, నేనే చెప్తాను" అంది వాళ్ళమ్మ. ఆగాను.

"చెప్పాను దానికి," అంది ఫోన్‌లో. "నాకు తెలిసినట్టు చెప్పాను. నిన్ను చూస్తానంటోంది."

"ఎప్పుడు?"

"ఎలాగూ బూట్లు కొనాలి, మీ షాపుకే తీసుకొస్తాను. ఒక్కసారే. ఆ తర్వాత దానిష్టం. వద్దంటే మళ్ళీ నువ్వు అడక్కూడదు."

"అడగను."

"ఏమడిగినా దడుచుకునేలా చెప్పకు. చిన్నపిల్ల."

"సరే."

పెళ్ళయిన ఏడెనిమిదేళ్ళూ ఆమె నన్ను 'మీరు' అనేది. 'నువ్వు' కోపంలో మొదలై అలవాటుగా నిలిచిపోయింది. నాకిదే హాయిగా ఉంది. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

గురువారం మధ్యాహ్నం వచ్చారు. షాపు కిక్కిరిసి ఉంది. పిల్లలు ఖాళీ పెట్టెలతో గోడలు కడుతున్నారు, తల్లులు ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుస్తున్నారు. వాళ్ళిద్దరూ తలుపు తోసుకుని లోపలికి రావడం చూశాను. గుండె ఆగినంత పనవుతుందనుకున్నాను. అవలేదు. నా ముందున్న పిల్లాడికి ఎడమకాలికంటే కుడికాలు కొంచెం పెద్దదని గమనించాను.

"రండి," అన్నాను ఆమెతో.

"మా వంతు రానీ," అని బల్ల చివర కూర్చుంది. పక్కన మిడత. పొడుగైంది. బుగ్గలు పోయాయి. నావైపే చూస్తోంది, కిటికీలోంచి వాన చూసినట్టు.

నా ముందున్నవాడికి సోడాబుడ్డి కళ్ళజోడు. అప్పుడే వాడూ అడిగాడు. చెప్పాను. వాడు తృప్తి పడలేదు.

"మరి గొంతేంటి అలా ఉంది?"

"అది పాతదే."

"అది సరిచేసుకోలేదా?"

"తీరలేదు. ఇంతమంది కాళ్ళు కొలవాలిగా."

"మా తాతగారి గొంతులా ఉంది."

"ఒరేయ్!" అని వాళ్ళమ్మ వాడి జబ్బ మీద ఒకటిచ్చింది. గల్లాపెట్టె దగ్గరున్న షాపు పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి, "అమ్మాయ్, కబుర్లు కాదు, కొలతలు!" అని కేకేశాడు. రోజుకి నాలుగుసార్లు అంటాడు ఆ మాట. తర్వాత రెండు జడల పిల్ల కూర్చుంది. అదీ అడిగింది. అదే చెప్పాను. వేలు కదిపింది.

మిడత వంతు వచ్చింది. వచ్చి కూర్చుంది. వాళ్ళమ్మ పక్కనే నిలబడింది.

"కాలు పెట్టమ్మా."

"ఏ కాలు?"

"కుడి."

పెట్టింది. చల్లగా ఉంది కాలు. కొలతపలక మీద మడమ సర్దుతుంటే అడిగింది.

"అమ్మ చెప్పింది నిజమేనా? నువ్వు ఆడమనిషివా?"

"అవును. పుట్టినప్పుడు అందరూ అబ్బాయనుకున్నారు. పొరపాటు పడ్డారు. పెద్దయ్యాక నేను సరిచేసుకున్నాను. ఏదీ, బొటనవేలు కదుపు చూద్దాం."

వేలు కదల్లేదు.

"అది అందరికీ చెప్పేది," అంది. "కళ్ళజోడు వాడికీ అదే చెప్పావు. ఆ జడల పిల్లకీ అదే. నాకూ అదేనా?"

వచ్చేపోయే పిల్లలందరి కోసం ఒక జవాబు సిద్ధం చేసుకున్నాను కానీ, దీనికంటూ ఏదీ చేసుకోలేదు. దానికి వాళ్ళమ్మ చెప్తుందిలే అని వదిలేశాను.

"నీకేం కావాలో అడుగు," అన్నాను. "కొత్తది చెప్తాను."

అది వంగి తన కాలివేళ్ళు చూసుకుంది.

"నా కాళ్ళు అచ్చం నీ కాళ్ళేనంటుంది అమ్మ. రెండో వేలు పొడుగు."

"నాదీ అంతే."

"ఏదీ?"

షాపు మధ్యలో బూటు విప్పి, మేజోడు లాగి చూపించాను. తన కాలు తెచ్చి నా కాలి పక్కన పెట్టింది. అవే వేళ్ళు, చిన్నవి. చాలాసేపు చూసింది.

"జుట్టూ నీదేనట. ఎడంచేత్తో రాయడం కూడా నీదేనట."

"ఊఁ."

"మరి అది కూడా వస్తుందా నాకు?"

"ఏది?"

"అదే. పెద్దయ్యాక నేను అబ్బాయినైపోతానా?"

వాళ్ళమ్మ చేతిసంచి పట్టీని గట్టిగా పట్టుకుంది. నాకేసి చూసింది. ఏం చెప్పమంటోందో తెలుసు. 'రాదు' అంటే చాలు. ఈ పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది, వాళ్ళమ్మ మంచి మాట చెప్పావంటుంది, ఎప్పుడైనా మళ్ళీ తీసుకొస్తుంది.

"తెలీదు," అన్నాను.

"రాదంది అమ్మ."

"అమ్మకీ తెలీదు. నాకు వచ్చిందని నీకు రావాలని లేదు. చాలామందికి ఉండదు. ఉంటే మాత్రం ముందు నీకే తెలుస్తుంది."

"నీకెలా తెలిసింది?"

పక్కపక్కనున్న మా కాళ్ళకేసి చూశాను.

"కాలు మడిచి చాలాసేపు కూర్చుని లేస్తే ఎలా ఉంటుంది?"

"తిమ్మిరెక్కుతుంది."

"అప్పుడు గిల్లితే?"

"తెలీదు. ఎవరి కాలో అన్నట్టుంటుంది."

"నాకు మొత్తం అలా ఉండేది. నువ్వు పుట్టినప్పుడు నిన్ను తెచ్చి నా చేతుల్లో పెట్టారు. అందరూ నవ్వుతున్నారు, మీ అమ్మమ్మ ఏడుస్తోంది. నేను చొక్కా తడిసిందేమోనని చూసుకున్నాను."

"అప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

వాళ్ళమ్మ మొహం అటు తిప్పుకుంది. ఈ సంగతి ఆమెకీ నేనెప్పుడూ చెప్పలేదు.

"ఇప్పుడో?" అంది మిడత.

"అక్కడక్కడా తెలుస్తోంది."

"వదిలేటప్పుడు చీమలు పాకినట్టుంటుంది," అంది అది, నాకు తెలియదేమో అన్నట్టు.

"ఆ. అలానే."

"ఇక చాలు. లేవే," అంది వాళ్ళమ్మ. తర్వాత నాతో, గొంతు తగ్గించి, "నీకేం చెప్పాను? దడుచుకునేలా చెప్పొద్దన్నానా లేదా?"

"అన్నావు."

"నేనేం దడుచుకోలేదు," అంది మిడత. దాని మొహం చూస్తే బాగానే దడుచుకున్నట్టుంది. మేజోడు తిరగేసి తొడుక్కుంది. నేను సరిచేయబోతే కాలు వెనక్కి తీసుకుంది.

నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. రానంటే మళ్ళీ అడగనన్న మాట ఇచ్చి ఉన్నాను. బల్ల మీద తర్వాతి పిల్ల అప్పుడే ఎక్కి కూర్చుని కాళ్ళు ఊపుతోంది.

"ఇంకేమైనా అడగాలనుంటే ఇప్పుడే అడిగెయ్," అంది వాళ్ళమ్మ దానితో. "మళ్ళీ మళ్ళీ రాం."

"ఇంకోటుంది."

"అడుగు మరి."

"ఇప్పుడు కాదు."

"మరెప్పుడు?"

"ఏంటో ఇంకా అనుకోలేదు. ఉందని మాత్రం తెలుసు."

"ఇదెక్కడి తద్దినమే," అంది వాళ్ళమ్మ. నవ్వొచ్చింది కాబోలు, పెదవి కొరుక్కుంది. సంచి ఒక భుజం మీంచి తీసి ఇంకో భుజానికి తగిలించుకుంది.

"ఆదివారం షాపుంటుందా?" అని అడిగింది నన్ను, గోడకేసి చూస్తూ.

"ఉంటుంది."

"ఇంత జనం ఉంటారా?"

"మూడు దాటితే ఉండరు."

"సరే," అని పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. బూట్లు కొనడం మర్చిపోయారు. నేను గుర్తు చెయ్యలేదు.