సార్జెంట్ మకాం మార్చిన శీతాకాలం

నవంబరు రాగానే ఇష్బెల్ మ్యాథర్ ఇంట్లో హీటర్లన్నీ కట్టేసింది. ఎవరైనా అడిగితే, "చలా? నాకేం చలి! ఇన్నేళ్ళూ బడి వంటింట్లో పొయ్యిల ముందు ఉడికాను. ఆ వేడి ఇంకా ఒంట్లోనే ఉంది" అనేది. ఒంట్లో సంగతేమో గానీ, ఒంటి మీద మాత్రం రెండు స్వెట్టర్లూ, పోయిన మొగుడి ఓవర్‌కోటూ ఉండేవి.

స్కాట్లండులోని డండీలో కొండవాలు మీదున్న ఆ వీధిలో ప్రతి ఫ్లాటులోనూ అవే హీటర్లు. గోడకి ఆనించిన ఇనుప పెట్టె, లోపల ఇటుకలు. కరెంటు చవకగా దొరికే రాత్రివేళ ఇటుకలు కాగుతాయి, పగలు ఆ వేడిని వదులుతాయి. సరిగ్గా మనిషికి వెచ్చదనం కావలసిన సాయంత్రానికి చల్లారి కూర్చుంటాయి. పైగా మీటరుకి ముందే మేపాలి. కొండ దిగి, మూలనున్న కొట్లో తాళంచెవిలాంటి దానిలో డబ్బు వేయించుకొచ్చి మీటర్లో గుచ్చితేనే దీపం. పోయిన చలికాలం ఆ మీటరు ఇష్బెల్ పింఛనుని పప్పుబెల్లాల్లా తినేసింది. ఈసారి దాన్ని పస్తు పెడదామని ఆవిడ పంతం.

ఆ పంతం నచ్చనిది ఒక్క సార్జెంట్‌కే. సార్జెంట్ అంటే ఆవిడ పిల్లి. బూడిదరంగు, బానపొట్ట, పోలీసు మీసాలు. ఒకరోజు పొద్దున్న పాలు తాగి గడప దాటాడు, మళ్ళీ రాలేదు. రెండోరోజూ రాలేదు. మూడోరోజు ఇష్బెల్ మెట్లన్నీ దిగి, చెత్తడబ్బాల వెనకా, బట్టలారేసే పెరట్లోనూ పేరు పెట్టి పిలుస్తూ తిరిగింది. అప్పుడు కనిపించాడు, కింది ఫ్లాటు కిటికీ అద్దంలోంచి. వాటీ గెడ్డెస్ హీటరు మీద నాలుగు కాళ్ళూ చాపి పడుకునున్నాడు.

ఆవిడకి కాలిపోయింది. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన వాటీతో ఆవిడకి మూడేళ్ళుగా మాటల్లేవు. అతని భార్య పోయినప్పుడు ఇష్బెల్ గిన్నెడు సూపు పంపింది. గిన్నె ఈనాటికీ తిరిగి రాలేదు. అదీ గొడవ.

తలుపు దబదబా బాదింది.

"నా పిల్లినివ్వండి."

"రండి, తీసుకెళ్ళండి. నేను పిలవలేదు, కట్టెయ్యలేదు. వాడి కాళ్ళతో వాడే వచ్చాడు" అన్నాడు వాటీ.

"గిన్నెలు సరిపోక పిల్లుల్ని కూడా ఉంచేసుకుంటున్నారా?"

వాటీ చెవులు ఎర్రబడ్డాయి. వంటింట్లోకి వెళ్ళి గిన్నె తెచ్చాడు. తళతళలాడుతోంది.

"ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదనేది మా అమ్మ. అందులో పోసి ఇద్దామంటే నాకు వంట రాదు. ఇవాళ నేర్చుకుందాం, రేపు నేర్చుకుందాం అనుకుంటూనే..." అంటూ గిన్నె చాపాడు.

ఇష్బెల్ గిన్నె అందుకుంది. అప్పటికే గదిలోని వెచ్చదనం కోటులోకి, స్వెట్టర్లలోకి, వేళ్ళ కణుపుల్లోకి దిగుతోంది. ఎన్నాళ్ళయింది ఒళ్ళిలా సడలి! అతను మిగతా గదులన్నీ మూసేసి ఈ ఒక్కదాంట్లోనే మంచం, టీవీ, కుర్చీ సర్దుకుని బతుకుతున్నాడు. కూర్చోమనకుండానే కూర్చుంది.

"మీ చేతులు నీలంగా ఉన్నాయి" అన్నాడు వాటీ.

"ఊలు రంగు దిగింది."

ఆ అబద్ధాన్ని అతను మర్యాదగా మింగేసి, టీ పెట్టాడు. టీ బాగుందని ఆవిడ అనలేదు గానీ రెండో కప్పు అడిగింది. ఆ తరవాత రోజూ పిల్లిని తీసుకెళ్ళే నెపంతో వెళ్ళేది. పిల్లి లేవనంటే తనూ లేచేది కాదు.

క్రిస్మస్ ముందు వారం వీధంతా మంచు గడ్డకట్టి అద్దంలా అయింది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ టీ తాగుతుండగా టీవీ టప్పున ఆగింది. వాటీ మీటరు ఖాళీ. డబ్బయిపోయాక మీటరు కొద్దిగా అప్పిచ్చే కరెంటు కూడా అతను అంతకుముందే వాడేశాడు. నొప్పి మోకాలితో ఆ జారుడులో కొట్టుదాకా వెళ్ళడం అతని వల్ల కాదు, ఆవిడ వల్లా కాదు.

"నాకు అలవాటేలెండి. కొవ్వొత్తులున్నాయి" అన్నాడు, ఆవిడ మొహంలోకి చూడకుండా.

"అలవాటు నీ మొహం! పద పైకి" అంది ఇష్బెల్. ఆ 'నువ్వు' ఎప్పుడు దొర్లిందో ఆవిడే గమనించలేదు. "పస్తు పెట్టి పెట్టి నా మీటర్లో బోలెడు మిగిలుంది."

సార్జెంట్‌ని చంకనెత్తుకుని వాటీ మెట్లెక్కాడు. ఇష్బెల్ దర్జాగా ముందుగది హీటరు స్విచ్చి నొక్కింది. ఇద్దరూ దాని ముందు నిలబడి చేతులు చాపారు. శవంలా చల్లగా ఉంది.

"ఇష్బెల్, మరిచిపోయావా, దీనికి రాత్రి మేతేస్తే రేపు పాలిస్తుంది. ఇప్పుడు నొక్కితే ఏం లాభం?" అన్నాడు వాటీ.

ఆవిడ ఒక్క క్షణం మొహం మాడ్చుకుంది. తరవాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇద్దర్నీ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. బంగాళాదుంపల సూపు కాచుకుని, రబ్బరు సంచుల్లో వేడినీళ్ళు పోసుకుని, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకున్నారు. ఆవిడ మంచమెక్కింది, అతను సోఫాలో ముడుచుకున్నాడు. తెల్లారి ఆవిడ లేచేసరికి ముందుగది గోరువెచ్చగా ఉంది. కిటికీ మంచు కరిగి ధారలు కడుతోంది. వాటీ దుప్పటి తన్నేసి గుర్రు పెడుతున్నాడు.

ఆ ఉదయం ఒప్పందం కుదిరింది. ఇకమీదట ఇద్దరికీ ఒకే వెచ్చని ఇల్లు. ఒక నెల ఆవిడది, ఒక నెల అతనిది. ఏ మీటరు తింటుంటే దాన్ని ఇద్దరూ మేపాలి. టీవీ ఏది పెట్టాలన్న దాని మీద మాత్రం ఒప్పందం కుదరలేదు, చలికాలమంతా కొట్టుకుంటూనే ఉన్నారు.

మే నెలలో, హీటర్లతో పని లేనప్పుడు, వాటీ సముద్రపొడ్డు ఊరు అర్‌బ్రోత్‌లోని చెల్లెలింటికి వారం రోజులు వెళ్ళాడు. అతను తిరిగొచ్చే రోజున ఇష్బెల్ కొండ దిగి, బస్సు రాకముందే స్టేషన్లో బెంచీ మీద కూర్చుంది. పొగబెట్టిన చేపల పొట్లంతో వాటీ దిగాడు.

"నాకోసం ఇంత దూరం వచ్చావా!"

"చేపల కోసం వచ్చాను" అంటూ ఆవిడ పొట్లం అందుకుంది. రెండో చేత్తో అతని మోచెయ్యి పట్టుకుంది. అతని మోకాలికి తగ్గట్టు మెల్లగా ఇద్దరూ కొండెక్కారు.