తల లేని తూటాలు

సుబ్బరావమ్మ అరవయ్యో ఏట తుపాకీ పట్టిందంటే ఊళ్ళో సగం మంది నమ్మలేదు, నమ్మినవాళ్ళు నవ్వారు. మొగుడు చెంచురామయ్యయితే అరుగు మీద నలుగురిలో కూర్చుని, "ఇన్నాళ్ళూ నోటితో కాల్చింది, ఇక చేత్తో మొదలెట్టింది" అన్నాడు. ఆయన మాటలకేం గానీ, అసలు జరిగింది ఇదీ.

2003 శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో, బెలూన్లు కాల్చే కొట్టు దగ్గర కోడలు నాగజ్యోతి సరదాకి అత్తగారి చేతికి ఎయిర్‌గన్ ఇచ్చింది. పన్నెండు గుళ్ళకి పదకొండు బెలూన్లు టపటపా పేలాయి. కొట్టువాడు మొహం మాడ్చుకున్నాడు. పక్కనే నిలబడి చూస్తున్న గౌస్ బాషా మాత్రం ముందుకొచ్చాడు. మిలటరీలో హవల్దారుగా చేసి రిటైరై, గుంటూరు శివార్లలోని ఒక రైఫిల్ క్లబ్బులో నేర్పుతున్న మనిషి.

"ఇంత కుదురైన చెయ్యి నేను చూళ్ళేదమ్మా. మా క్లబ్బులో పెద్దవాళ్ళకి రివాల్వర్ పోటీ ఉంది. ఆదివారం రండి" అన్నాడు.

నలభై రెండేళ్ళుగా ఆ చెయ్యి మిరపనారు నాటింది, పత్తి తీసింది, ఇంటెడు మందికి వండి వార్చింది. బాగుందని ఒక్కరంటే ఒక్కరు అన్న పాపాన పోలేదు. పైకి "చాల్లే బాబూ" అంది గానీ, ఆ రాత్రి సుబ్బరావమ్మకి ఆనందంతో నిద్ర పట్టలేదు.

తీరా వెళ్ళిన మొదటి రోజే పని చెడింది. బాషా రావటం ఆలస్యమైతే, ఎవరో సభ్యుడు ఉత్సాహం పట్టలేక క్లబ్బు రివాల్వర్లో నిండుగా మందు కూరిన తూటాలు వేసి ఆమె చేతికిచ్చాడు. చెవులు గింగుర్లెత్తాయి. గుర్రం తన్నినట్టు మణికట్టు వెనక్కి మడతపడింది. వాపు నాలుగు రోజుల్లో తగ్గింది గానీ, భయం తగ్గలేదు. ఆనాటి నుంచి ట్రిగ్గర్ మీద వేలు పడితే చాలు, కళ్ళు వాటంతటవే మూతపడేవి.

బాషా రెండు వారాలు చూశాడు. మూడో వారం, "మీరంటే నాకు గౌరవం అమ్మా. కానీ కళ్ళు మూసుకుని కాల్చే మనిషిని కాల్చే గీత దగ్గర నిలబెట్టటం ప్రమాదం. మీకూ, పక్కవాళ్ళకీ. వచ్చే ఆదివారం పది తూటాలిస్తాను. వాటిలో ఏడైనా గురి కార్డు మీది వలయంలో పడాలి, ఒక్కసారి కూడా కళ్ళు మూయకూడదు. లేకపోతే ఇక వద్దు" అని తేల్చి చెప్పేశాడు.

సుబ్బరావమ్మకి ఆ మాటకి అర్థం తెలుసు. వద్దంటే ఇంటికెళ్ళి మళ్ళీ మిరపకాయల తొడిమలు తీసుకుంటూ కూర్చోవటమే.

ఆ రోజే బాషా వేరే తూటాలు తీయించాడు. నిండు తూటాకి ఇత్తడి గొట్టంలోంచి గుండ్రటి సీసం తల బయటికి కనపడుతుంది. వీటికి ఆ తలే లేదు, పైన కత్తితో కోసినట్టు చదును. "మందు తక్కువమ్మా. తన్నదు. కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్ళకి ఇవే మంచివి" అన్నాడు.

ఆమె ఒకటి కాల్చింది. 'టప్'మంది, అంతే. చెయ్యి చెక్కుచెదరలేదు. సంతోషించాల్సింది పోయి సుబ్బరావమ్మ మొహం నల్లబడింది. కోడలిని పక్కకి లాగి, "ఇయ్యి నకిలీయే! తలకాయ లేదు, దెబ్బ లేదు. ముసల్దాన్నని అంటగట్టారు" అంది గుసగుసగా.

ఆమెనని లాభం లేదు. ఆ ప్రాంతంలో పత్తి వేసిన ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఐదారేళ్ళ కిందట నీళ్ళలాంటి నకిలీ పురుగుమందు కొని, పది సార్లు కొట్టినా పచ్చపురుగు చావక, చేలు చేలే తగలబడినట్టయ్యాయి. అప్పట్నుంచీ మందు డబ్బా మూత తీస్తే ఘాటుకి ముక్కు పగిలిపోవాలి, అదే అసలుదని లెక్క. సుబ్బరావమ్మ ఇంట్లో మూత తీసి చూసే పని ఆమెదే.

అందుకని తరువాత పది నిమిషాల్లో, తూటాల బీరువా దగ్గరుండే కుర్రాడు కోటేష్ ఒంటరిగా దొరికితే అచ్చం పురుగుమందుల కొట్లో అడిగినట్టే అడిగింది. "ఒరేయ్ కోటేషూ, పవరున్నయ్యి ఇవ్వరా."

కోటేష్ కాదనలేక నిండు తూటాలు ఆరిచ్చాడు. మొదటిది పేలిందో లేదో, షెడ్డు అవతలున్న బాషా గిరుక్కున తిరిగాడు.

"ఆపండి! ఎవరిచ్చారివి?"

కోటేష్ బీరువా వెనక్కి జరిగాడు. "వాణ్ణేమనకు బాబూ, నేనే అడిగా" అంది సుబ్బరావమ్మ. "ఇందాకటియ్యి మంచియ్యి కావేమోనని."

కోటేష్‌కి నాలుగు చీవాట్లు పెట్టాక, ఆమె మాట తలుచుకుని బాషా నవ్వాపుకోలేకపోయాడు. కార్డు వెనకాల చెక్క పెట్టి చదును తూటా ఒకటి తనే కాల్చాడు. "వెళ్ళి చూడండి."

కార్డులో చిల్లు, కండక్టరు టిక్కెట్టుకి కొట్టినంత గుండ్రంగా, నీటుగా ఉంది. వెనక చెక్కలోనూ దిగింది. పక్కనే ఆమె కాల్చిన నిండు తూటా చిల్లేమో చిరిగి, అంచులు లేచి ఉంది. సుబ్బరావమ్మ వేలు పెట్టి తడిమి చూసింది.

"ఓర్నాయనో. మరి చప్పుడు లేదేంటి?"

"చప్పుడుతో మనకేం పని? ఇప్పుడు ఇంకోటి చూపిస్తాను." అటు తిరిగి రివాల్వర్ ఆరు అరల్లో కొన్నిటిలో చదును తూటాలు, కొన్నిటిలో పేలిపోయిన ఖాళీ గొట్టాలు వేసి ఆమెకిచ్చాడు. ఏ అరలో ఏముందో ఆమెకి తెలియదు.

మొదటిది పేలింది. రెండోది ఖాళీ. 'టిక్'మందంతే, అయినా సుబ్బరావమ్మ చెయ్యి ధడాలున కిందికి కుంగింది. తన్నిందేమీ లేదు. ఆమె బిక్కచచ్చిపోయి చెయ్యి వంక చూసుకుంది.

"అత్తయ్యా, అది తన్నలేదు. మీరే ముందు బెదిరారు" అంది వెనకనున్న నాగజ్యోతి మెల్లగా.

సిగ్గేసింది. ఏడుపొచ్చింది కూడా. అయినా కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి వెయ్యి బాబూ, ఆ మెత్తనివే వెయ్యి" అంది. మధ్యాహ్నం దాకా అదే పని. ఏది ఖాళీయో తెలియక, ఏదీ తన్నదని మెల్లమెల్లగా నమ్మి, చెయ్యి బెదరటం మానుకుంది.

ఆదివారం వచ్చింది. బాషా పక్కన నిలబడి కార్డు వైపు చూడకుండా ఆమె కళ్ళనే చూస్తున్నాడు. నాగజ్యోతి గోళ్ళు కొరుక్కుంటోంది. ఒకటి, రెండు, మూడు... చదును తూటాలు టప్ టప్‌మంటూ వెళ్ళాయి. పేలిన ప్రతిసారీ రివాల్వర్ గొట్టం చివర గురి చూసే బొడిపె కాస్త లేచి మళ్ళీ చోటికొచ్చేది. పదోది పేలేటప్పుడు మాత్రం ఆ బొడిపె కుడి పక్కకి జరిగింది. అప్పటికి ఆమె చెమటతో తడిసిపోయింది.

రివాల్వర్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, సుబ్బరావమ్మ గట్టిగా అరిచింది. "ఆఖరిది పోయింది! కుడి పక్కకి, వలయం దాటిపోయింది!"

కోటేష్ కార్డు తెచ్చాడు. తొమ్మిది లోపల. పదోది ఆమె చెప్పినచోటే, కుడి పక్కన, వలయానికి రెండు వేళ్ళ అవతల.

"ఎలా తెలిసిందమ్మా?" అన్నాడు బాషా, తెలిసే.

"చూశాగా!" అంది సుబ్బరావమ్మ. గురి తప్పిన చిల్లు మీద వేలు పెట్టి, కోడలికి చూపించి, పసిపిల్లలా మళ్ళీ అంది, "పోతుంటే చూశానే జ్యోతీ, రెండు కళ్ళతో చూశాను!"