మూడు చుక్కల 'ప'

ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల కంపెనీ నుంచి రిటైరైన యోగానంద్ గారికి రాని విద్య లేదు. ఆయన లెక్క అది. ఒకప్పుడు మలేషియాలోని జొహోర్‌లో కొన్నాళ్ళు ఉద్యోగం వెలగబెట్టాడు. అక్కడ మలయ్ భాషని అరబ్బీ అక్షరాలతో రాసే జావీ లిపిలో తానో బోర్డు రాసి అడవిలో పాతితే, పులి చదువుకుని బుద్ధిగా వెనక్కి పోయిందట. పులే గనక వచ్చుంటే వెనక్కి పోయేదెవరో ఆయన భార్య శశికళకి బాగా తెలుసు.

దగ్గర్లోని ఎలిమెంటరీ స్కూల్లో ఆ లిపి నేర్పడానికి వాలంటీర్ కావాలన్నారు. ఈయన దూకాడు. తల్లిదండ్రులొచ్చే ఓపెన్ హౌస్‌లో పిల్లల రాత చూసి, నచ్చితే ఏడాదంతా బుధవారం క్లాసు మీకేనంది ప్రిన్సిపాలమ్మ. ఇంట్లో టీవీ రిమోట్ కూడా మాట వినని మనిషికి గదినిండా తలలూపే పిల్లలు! ఆ క్లాసు పోతే మళ్ళీ సోఫాయే గతి.

మర్చిపోయిన అక్షరాలు ఫోన్లో చూసుకోవచ్చుగా? నామోషీ. 'ప', 'ఫ' దగ్గర బండి ఆగింది. రెంటికీ ఒకటే బొమ్మ. ఒకదాని నెత్తిన ఒక చుక్క, ఇంకోదానికి మూడు. 'ప'కి ఒత్తు పెడితే 'ఫ' అని చిన్నప్పుడు బెత్తంతో నేర్పారు. కాబట్టి చుక్కలెక్కువున్నదే 'ఫ'! లోకంలోని లిపులన్నీ తన పలక మీంచే పుట్టాయని ఆయన ధీమా.

ఓపెన్ హౌస్ నాడు పిల్లలు జావీలో రాసుకున్న తమ పేర్లు గోడకెక్కాయి. ఫరీదా వాళ్ళమ్మ జలేహా మలేషియా ఆవిడ, పళ్ళ డాక్టరు. కూతురి పేరు దగ్గర ఆగిపోయింది.

"మా అమ్మాయి పరీదా ఎప్పుడయింది? ఈ ఫ్రణవ్ ఎవరు?"

"నేనే! బట్ ఐ యామ్ ప్రణవ్," అన్నాడో బుడతడు.

"ఒక్క చుక్కది 'ఫ' సర్. అరబ్బీలో 'ప' లేదు, మేమే ఇంకో రెండు చుక్కలు పెట్టి చేసుకున్నాం," అంది జలేహా నవ్వుతూ.

"ఏవండీ, పొరపాటైందనండి. చుక్కలు మారిస్తే పోతుంది," అని గొణిగింది శశికళ.

పొరపాటా! ఆయనా!

"జొహోర్‌లో ఇలాగే రాస్తారు."

"నేను పుట్టింది జొహోర్‌లోనే సర్."

"అయితే మీరొచ్చేశాక మార్చుంటారు."

ప్రిన్సిపాలమ్మ జలేహా వైపు తిరిగి బుధవారాలు ఖాళీయేనా అని అడుగుతోంది. యోగానంద్ గారు మాత్రం పిల్లాడి ముందు వంగి బతిమాలుతున్నాడు.

"నువ్వే ఫ్రణవ్ అయిపోరాదట్రా? స్టైల్‌గా ఉంటుంది!"