పిల్లల గుమ్మానికి గోడ

మగమనిషి కాన్వెంటు లోపలికి అడుగు పెడితే ముందొక సిస్టరు గంట వాయించుకుంటూ నడవాలి. ఆ చప్పుడు విని తక్కినవాళ్ళు మొహం మీదికి ముసుగు లాక్కుని పక్కకి తప్పుకుంటారు. ఆ మంగళవారం గంట సిస్టర్ పెలాజి చేతిలో ఉంది. వెనక తాపీమేస్త్రీ గాస్పార్ సున్నం బుట్ట మోసుకొస్తున్నాడు. ఆవిడ గంట కొట్టి మరీ అతన్ని తీసుకెళ్తున్నది తన బడి గుమ్మం మూయించడానికి.

సన్యాసినులు ఇక చదువు చెప్పకూడదని ఆ వేసవిలో పారిస్‌లో చట్టం చేశారు. చట్టాన్ని చివరిదాకా చదివినవాడు ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు. ఫాదరు చెప్పిన నాలుగు ముక్కలు విని మదర్ క్లోతిల్డ్ ఒక ఉపాయం కట్టింది. బడులనే కదా మూసేది? బడే లేదంటే సరి. ప్రార్థన చేసుకునే ముసలివాళ్ళని ఎవరు కదుపుతారు?

"పిల్లలు ఏమైపోతారు మదర్?" అని పెలాజి ఆవిడ కాళ్ళ దగ్గర మోకరించి అడిగింది.

"ముందు మనం మిగలాలే. మనం మిగిలితే పిల్లలకేం కరువు!"

విధేయంగా ఉంటానని దేవుడి ముందు ఒట్టేసిన మనిషి. ఇంకేం మాట్లాడుతుంది?

పదేళ్ళప్పుడు బోర్డింగు పిల్లగా వచ్చి, పదిహేడో ఏట ముసుగు వేసుకున్న దగ్గర్నుంచి పెలాజి వీధి మొహం చూడలేదు. వీధి కనపడకూడదనే కట్టించింది ఆ ఇంటిని, ఎప్పుడో రాజుల కాలంలో, ఒక ప్రభువుగారి వితంతువు. వీధి వైపు కిటికీలు మనిషి తలకి అందనంత ఎత్తున పెట్టించింది. చుట్టాలొస్తే ఇనప కటకటాల వెనక నుంచే పలకరింపు. తరగతి గది ఒక్కటే అటూ ఇటూ కాని చోటు. దానికి రెండు గుమ్మాలు. ఒకటి వీధిలోకి, పిల్లలకి. ఇంకొకటి మఠంలోకి, టీచర్లకి. పిల్లలొచ్చి కూర్చుని, వీధి తలుపుకి తాళం పడ్డాకే పెలాజి తన తలుపు తీసేది. విప్లవం రోజుల్లో సిపాయిలు ఈ గదిలో గుర్రాలు కట్టారు. నేల పలకల మీద గిట్టల గాట్లు ఇంకా ఉన్నాయి. వాళ్ళు పోయాక సిస్టర్లు తిరిగొచ్చి, పేడ కడిగి, మళ్ళీ బల్లలు వేశారు. సిపాయిలకి కూడా ఆ పిల్లల గుమ్మం మూయాలని బుద్ధి పుట్టలేదు.

"నా కూతురి సంగతేంటి సిస్టరమ్మా?" అన్నాడు గాస్పార్ రాయి పేరుస్తూ. "నోయెమికి భిన్నాలు సగంలో ఆగిపోయాయి."

"మదర్‌ని అడుగు."

"ఆవిడ నాకు గోడ చెప్పింది గానీ జవాబు చెప్పలేదు. మిగతా సగం నేను చెప్పేదా? నాకు అర రొట్టె, పావు రొట్టె దాకానే వచ్చు. అదీ తినేటప్పుడే."

పెలాజికి నవ్వొచ్చింది. అంతలోనే సగం లేచిన గోడ కేసి చూసింది. "కాస్త మెల్లగా కట్టకూడదూ?"

"ఇంతకన్నా మెల్లగా కడితే మా నాన్న గోరీలోంచి లేచొచ్చి తాపీ లాక్కుంటాడు."

సాయంత్రానికి గుమ్మం పోయింది.

శుక్రవారం ప్రభుత్వం మనిషి వచ్చాడు. పెలాజి గంట వెనకాల నడిచి ఇల్లంతా చూశాడు. కటకటాల ముందు కూర్చుని, వాటి వెనకున్న మదర్‌ని అడిగాడు, "బడి లేదాండీ?"

"లేదు" అంది మదర్. లేదని సంతకం కూడా చేసిచ్చింది.

ఆయన కాగితం కేసి చూసి నిట్టూర్చాడు. "ఉంటుందనుకుని వచ్చాను. ఈ ఊళ్ళో ఆడపిల్లలకి వేరే బడి లేదు కదా. అలాంటి చోట కొత్త బడి వచ్చేదాకా గడువిస్తున్నాం, పదేళ్ళ దాకా ఇవ్వొచ్చు. ఈ ఇంటికి అనుమతి ఉన్నది బడి పేరు మీదే. అది లేనప్పుడు నేనేం చేసేది? నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి."

మదర్ చెయ్యి కటకటాల్ని పట్టుకుంది.

పరాయి మగవాడితో మదర్ సెలవు లేకుండా మాట్లాడకూడదు. మదర్ పక్కనే నిలబడ్డ పెలాజి మాట్లాడేసింది. "ఉందండీ! బల్లలు అటకెక్కించాం అంతే. గోడ తడి కూడా ఆరలేదు, చేత్తో తాకి చూడండి."

"తాకాను సిస్టర్" అన్నాడాయన మెల్లగా. "అయితే మదర్ గారు సంతకం పెట్టిన మాట అబద్ధమని రాసుకోనా? రాస్తే గడువొస్తుంది. ఆవిడ మాత్రం కోర్టు బోనెక్కాలి. మీరు చెప్పండి, రాసేస్తాను."

చెడ్డవాడేం కాదు. కలం సిరాలో ముంచి ఆగాడు. అది ఆరిపోతే మళ్ళీ ముంచాడు. పెలాజి మదర్ వైపు తిరిగింది. మొహం మీద ముసుగుంది, కళ్ళు కనపడలేదు. గడ్డం దగ్గర ఆ గుడ్డ వణుకుతోంది. తనకి ముసుగు వేసిన చేతులు ఆవిడవే. పెలాజి నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచింది.

ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఇద్దరికీ తల వంచి వెళ్ళిపోయాడు.

మదర్ కటకటాల్ని వదిలి ఇటు తిరిగింది. "బయట ఇప్పుడు బండి ఎలా మాట్లాడుకుంటారే పెలాజీ?"

"నాకేం తెలుసు మదర్" అంది పెలాజి. "నేనూ లోపలేగా ఉన్నాను."