నారింజ కోటు

మూడో బండి గొలుసు వదులుగా ఉంది. ఆయన వేలితో కింది నుంచి ఎగదోసి చూశాడు. వేలెడు ఆడాల్సిన గొలుసు రెండు వేళ్లు ఆడుతోంది. బండి సొంతదారు పక్కనే నిలబడి, అద్దంలో చూసుకుంటూ హెల్మెట్ సర్దుకుంటున్నాడు.

“అదెప్పుడూ అంతే బాబాయ్, ఏం కాదు.”

ఏం కాదనేవాళ్లకి నిజంగానే ఏమీ కాదు. అయినప్పుడు నడిరోడ్డు మీద మోకాళ్లూని కూర్చునేది వెనకాల వచ్చేవాడు. ఆయన పానా తీశాడు.

ప్రతి ఆదివారం ఈ షెడ్డు ముందు నుంచి పదిహేను మోటారు సైకిళ్లు బయల్దేరతాయి. పొలాల మధ్య నుంచి, చిన్నచిన్న కొండల పక్క నుంచి డెబ్భై కిలోమీటర్లు వెళితే ఒక బీరు బట్టీ ఉంది. చిన్నది. భార్యాభర్తలు మొదలుపెట్టింది, ఇప్పుడు భార్య ఒక్కతే నడుపుతోంది. అక్కడ భోంచేసి, రుచి చూడటానికి తలా ఒక గుక్క తాగి, ఇంటికి తీసుకెళ్లే సీసాలు పెట్టెల్లో సర్దుకుని, పొద్దుగూకేలోపు తిరిగి వస్తారు. ముందు బండి కెప్టెన్‌ది. ఈ సవారీలు నడిపేది అతనే. చివరి బండి ఈయనది. పదకొండేళ్లుగా పనిముట్లు, మందుల డబ్బా, ట్యూబులు, పంపు అన్నీ మోసేది ఆ బండే. అందరూ ఆయన్ని వెనకాయన అంటారు. ఇంటిపేరులా అంటుకుపోయింది.

సవారీకి ఒక పద్ధతుంది. మలుపు వచ్చినప్పుడల్లా కెప్టెన్ తన వెనకున్న మనిషికి వేలితో చోటు చూపిస్తాడు. ఆ మనిషి అక్కడ ఆగి, వెనక వచ్చేవాళ్లకి దారి చూపించాలి. చివరి బండి వచ్చేదాకా కదలకూడదు. అది చివరి బండి అని గుర్తుపట్టడానికే నారింజ రంగు కోటు. చేతులుండవు, ఛాతీ మీదా వీపు మీదా మెరిసే పట్టీలుంటాయి. కోటు వచ్చిందంటే ఇక వెనక ఎవరూ లేరని అర్థం.

చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. మలుపులో నిలబడ్డవాళ్లు మాత్రం కోటు దూరాన చుక్కలా కనబడగానే లగెత్తుతారు. కొందరు అంత ఓపిక కూడా పట్టరు. దగ్గరికొచ్చేదాకా ఆగి, మొహం చూసి, తల ఊపి కదిలిన మనిషి ఈ పదకొండేళ్లలో ఆయనకి తగల్లేదు.

“కోటు వచ్చేదాకా కదలకూడదు. అంతే కదండీ?” పళ్ల డాక్టరు అడిగాడు. అడగడం ఇది మూడోసారి. అతనికిది రెండో సవారీ. బూట్ల మీద ఇంకా కొత్త మెరుపు పోలేదు.

“అంతేనండీ.”

“ఒకవేళ కోటు రాకపోతే?”

“రాకపోతే పీకి తెచ్చుకోండి డాక్టరు గారూ!” అన్నారెవరో. అందరూ నవ్వారు. డాక్టరు కూడా నవ్వి, జవాబు కోసం ఈయన వైపే చూస్తూ నిలబడ్డాడు.

“వస్తుందండీ” అన్నాడాయన.

ఏడుగురు పిల్లల్లో ఆయన ఆఖరివాడు. ఆరుగురు తొడిగి వదిలిన చొక్కాలు ఏడో ఒంటి మీదికి వచ్చేసరికి అసలు రంగేమిటో అమ్మకి కూడా గుర్తుండేది కాదు. పెద్దయ్యాక బస్సు డిపోలో ముప్ఫై ఏళ్లు బస్సుల కింద వెల్లకిలా పడుకుని పనిచేశాడు. వీడ్కోలు సభలో ఆరుగురికి కలిపి సన్మానం పెట్టారు. ఆయన వంతు వచ్చేసరికి మైకువాళ్లు తీగలు చుట్టుకుంటున్నారు.

“మన పెళ్లికి కూడా ఆఖర్న వచ్చింది మీరే. పెళ్లికొడుకు లేకుండానే ఒక ఫోటో తీయించేసుకున్నాం” అంటుంది భార్య, ఎవరు విన్నా వినకపోయినా. ఇవాళ పొద్దున ఫ్లాస్కులో టీ పోస్తూ అడిగింది. “మూడు వారాల నుంచి చెబుతున్నారు, తిరుగు ప్రయాణంలో ముందు బండి మీదేనని. ఇవాళైనా ఇస్తాడా మీ కెప్టెను?”

“ఇవ్వకపోతే మానేస్తాను.”

“మానేసేవాళ్లలో కూడా మీరే ఆఖరు” అంది. కానీ ఆయన తోలుచొక్కా పైగుండీ ఆవిడే పెట్టింది.

బయల్దేరిన అరగంటకే పక్కా రోడ్డు అయిపోయింది. పద్నాలుగు బండ్ల దుమ్ము, ఆ వెనక ఆయన. కోత కోసిన పొలాలు అటూ ఇటూ ఉన్నాయని తెలుసు, కళ్లకి మాత్రం ముందు బండి ఎర్రదీపం తప్ప ఏదీ ఆనదు. రెండో మలుపులో ఉండాల్సిన మనిషి లేడు. టైర్ల గీతలు చూసుకుంటూ మూడు కిలోమీటర్లు అనుమానంగా వెళ్లాడు. కొండ ఎక్కుతుంటే దారి పక్కన పళ్ల డాక్టరు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. వెనక టైరులో గాలి పోయింది. మిగతావాళ్లు హారన్లు కొట్టి పలకరించి వెళ్లిపోయారట.

ఆయన టైరు విప్పుతుంటే డాక్టరు జేబురుమాలు నేల మీద పరిచి, పానాలన్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేర్చాడు. అడిగింది అడిగినట్టు చేతిలో పెట్టాడు. డిపోలో ముప్ఫై ఏళ్లలో ఎవరూ అలా అందించలేదు. ఆయనకి కాస్త సిగ్గేసింది.

“మీరు ఎడమ వైపు నమలరు కదూ?” అన్నాడు డాక్టరు ఉన్నట్టుండి.

“ఎలా తెలిసింది?”

“పొద్దున షెడ్డు దగ్గర బిస్కెట్టు తింటుంటే చూశాను. ఓసారి రండి, చూస్తాను. నిర్లక్ష్యం చేయకండి.”

బట్టీ చేరేసరికి ఒంటిగంటన్నర. మిగతావాళ్లు ఎప్పుడో తినేసి, చెట్ల కింద నడుం వాల్చి లేచారు. పక్క షెడ్డులోంచి ఉడికిన బార్లీ తీపి వాసన వస్తోంది. ఆయన హెల్మెట్ తీయగానే కెప్టెన్ చప్పట్లు చరిచాడు.

“బాబాయ్ వచ్చేశాడు. పదండి, పదండి!”

పదకొండేళ్లుగా ఇదే వరస. ముందున్నవాళ్లు ఆయన కోసం ఆగుతారు, ఆగినంతసేపూ విశ్రాంతి తీసుకుంటారు. ఆయన రాగానే బయల్దేరతారు. ఆయన రావడమే బయల్దేరమని గంట కొట్టినట్టు.

బట్టీ ఆవిడ తలుపు పక్క కుర్చీ లాగింది. దాని ముందు సూప్ గిన్నె మీద పళ్లెం బోర్లించి ఉంది. “కూర్చో అన్నయ్యా. వేడి చేసి పెట్టాను. వాళ్లనరవనీ.” ఆవిడ ప్రతి వారం అలా మూతపెట్టి ఉంచుతుంది. ఆయన ప్రతి వారం నిలబడే తాగుతాడు.

ఇవాళ కూర్చున్నాడు.

“కెప్టెన్ బాబూ, వెళ్లేటప్పుడు ముందు బండి నాదన్నారు.”

కెప్టెన్ నవ్వాడు. “నువ్వు ముందుంటే వెనకెవరు బాబాయ్?”

“మీరుండండి.”

ఎవరో ఈల వేశారు. “ఒక్క పూట దుమ్ము రుచి చూడు కెప్టెనూ!” అన్నారు. నలుగురూ నవ్వుతుంటే కెప్టెన్‌కి కాదనడానికి సందు దొరకలేదు. “సరే, కానీ” అన్నాడు.

ఆయన నారింజ కోటు విప్పాడు. కెప్టెన్ చేతికివ్వబోతే అతను ఫోన్లో మాట్లాడుతున్నట్టు పక్కకి తిరిగాడు. ఆ కొండల మధ్య ఫోన్లు పలకవని అందరికీ తెలుసు. ఆయన కోటుని కుర్చీ వీపుకి తగిలించి, “ఇక్కడ పెట్టాను బాబూ” అని చెప్పి బండెక్కాడు.

ఐదు కిలోమీటర్ల అవతల మొదటి మలుపు. ఆయన వెనక ఉన్నది పళ్ల డాక్టరే. వేలితో చోటు చూపించాడు. డాక్టరు బండి ఆపి, సరిగ్గా ఆ వేలు చూపించిన చోటే కాలు మోపాడు.

ఆ తరవాత దుమ్ము లేదు. అడ్డంగా ఏ దీపమూ లేదు. దారి పొడుగునా పొలాల్లోని కొయ్యకాళ్ల మీద ఎండ పచ్చగా పడుతోంది. ఒక కాలవ ఉందని, దాని మీద నీలం వంతెన ఉందని ఆయనకి అప్పుడే తెలిసింది. మలుపులన్నిట్లోనూ మనుషుల్ని నిలబెట్టుకుంటూ వచ్చాడు. అద్దంలోకి మాత్రం మాటిమాటికీ చూశాడు. ఆ అలవాటు పోలేదు.

షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని పావుగంట సేదతీరాడు. ఒక్కొక్కరే వచ్చారు. ఆఖర్న కెప్టెన్ వచ్చాడు. ఒంటి మీద నల్ల తోలుకోటే ఉంది.

“డాక్టరు గారేరీ?”

అందరూ వెనక్కి చూశారు. రోడ్డు ఖాళీగా ఉంది.

“ఒక్క పూట ముందు పెడితే మనిషినే పారేసి వచ్చావా బాబాయ్!” కెప్టెన్ గొంతు పెంచాడు.

“కోటేది బాబూ?”

“ఆ చెమట కోటు నేనేం వేసుకోను? ఆఖరి బండి నాదని అందరికీ తెలుసుగా. మిగతావాళ్లంతా నన్ను చూసి కదల్లేదూ? ఆయనకీ రమ్మని చెయ్యి ఊపాను. వెనకే వస్తాడనుకున్నాను.”

“ఆఖరి బండివాడు ముందుకే చూసుకుంటూ వస్తే ఎలా?” అన్నాడాయన. పదకొండేళ్లలో ఆయన అన్న పెద్ద మాట అదే. ఎవరూ నవ్వలేదు. ఎవరూ బండి కూడా తీయలేదు. ఒకతనికి చుట్టాలొస్తున్నారట, ఒకతనికి పెట్రోలు లేదట. ఆయన మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నాడు. ఒక్క పూట ముందున్నందుకు, అదే దారి తిరిగి అరవై అయిదు కిలోమీటర్లు.

అయిదు దాటింది. పళ్ల డాక్టరు అదే చోట ఉన్నాడు. బండి పక్కన నిటారుగా నిలబడి, బట్టీ వైపు దారికేసి చూస్తున్నాడు. ఇటు నుంచి శబ్దం విని తిరిగాడు. మొహం ఎండకి కందిపోయింది.

“అటు నుంచి వస్తారనుకున్నాను” అన్నాడు.

“కెప్టెన్ చెయ్యి ఊపాడటగా?”

“ఊపారు. నేనూ ఊపాను. కోటు లేదు మరి. మీరేగా చెప్పారు, కోటు వస్తుందని.” ఆయన మొహంలోకి చూసి అడిగాడు. “తప్పు చేశానాండీ?”

ఆయన ఫ్లాస్కు తీసి, మిగిలిన టీ అంతా మూతలో పోసి ఇచ్చాడు. చల్లారిపోయిన ఆ టీ డాక్టరు రెండు గుక్కల్లో తాగేశాడు.

“తప్పు కాదండీ” అన్నాడు ఆయన అప్పుడు. “ఇన్నేళ్లలో సరిగ్గా నిలబడింది మీరొక్కరే.”

“బట్టీ దగ్గరేగా, వెళ్లి మీ కోటు తెచ్చుకుందామా?”

ఆయన ఆ దారివైపు చూశాడు.

“వద్దులెండి.”

“అయితే మీరు ముందు నడవండి. నాకు దారి తెలీదు.”

ఆయన ముందు నడిచాడు. వేగం తగ్గించి, గుంతలు చేత్తో చూపిస్తూ వెళ్లాడు. అద్దంలో ఒక్కటే దీపం. అది ఎక్కడా వెనకబడలేదు, దాటిపోనూ లేదు. నీలం వంతెన దగ్గర ఆపి, కాలవ చూపించాడు.

షెడ్డు మూసేసి ఉంది. ఆయన పనిముట్ల పెట్టె దింపి గోడవారగా పెట్టి, దాని తాళంచెవి తలుపు కింద నుంచి లోపలికి తోశాడు.

“పన్ను సంగతి మర్చిపోకండి. ఎప్పుడొస్తారు?” అన్నాడు డాక్టరు.

“ఆదివారం వస్తానండీ.”

“ఆదివారం సవారీ కదా?”

“నేను ఖాళీయే.”

డాక్టరు తాళంచెవి పోయిన తలుపు సందుకేసి చూశాడు. “అయితే పదింటికి రండి, ఆస్పత్రి తెరిచి ఉంచుతాను” అన్నాడు.

ఆ సాయంత్రం బట్టీ ఆవిడ బయటి సామాన్లన్నీ లోపల పెట్టింది, తలుపు పక్కనున్న ఆ ఒక్క కుర్చీ తప్ప. దాని వీపుకి తొడిగిన నారింజ కోటు దుమ్ము దులిపి, మెరిసే పట్టీలు వచ్చేవాళ్లకి కనబడేలా, రోడ్డు వైపుకి తిప్పి ఉంచింది.