గిలకకి రెండో కొస

బరువులు చాలలేదని ఫిజిక్స్ ల్యాబులో గిలకకి ఒక పక్క నన్ను వేలాడదీశారు. రెండో పక్క ఖాళీ కొక్కెం. నా చొక్కా కాలరుకి తాడు కట్టింది మా మేనకోడలు మంజరే. ముడి బాగానే వేసింది.

లెక్క ప్రకారం నేను దబ్బున కిందపడాలి. పడటం లేదు. బస్సు దిగే కొత్తల్లుడిలా తాపీగా దిగుతున్నాను.

మంజరి స్టాప్‌వాచీ నొక్కి, "మామయ్యా, కాళ్ళాడించకు" అంటుంది. నేను నాలుక బయటపెట్టి చచ్చినట్టు నటిస్తాను. మంజరి నవ్వదు. వాళ్ళమ్మ, అంటే మా అక్క, పోయిన వానాకాలంలో పోయింది. ఈ పిల్లని నవ్విద్దామనే కాలేజీకొచ్చాను. బరువుగా పనికొచ్చాను.

మళ్ళీ పైకి లాగి వదులుతారు. మళ్ళీ అంతే నిదానం. లెక్కకీ దీనికీ తేడా ఎందుకొచ్చిందో కారణం రాయమంటుంది ల్యాబు మేడమ్. ఇరుసు రాపిడి అని రాయొచ్చట, తాడు సాగిందనీ రాయొచ్చట. మంజరి ఏదీ రాయదు.

అప్పుడు అటుపక్కనుంచి తాడు రెండుసార్లు కుదుపుతుంది. నేను గుర్తుపడతాను. చేద నీళ్ళమీద తేలిపోకుండా ఒరిగి మునగాలని, అక్క నూతి దగ్గర తాడుని అచ్చం అలాగే కుదిపేది. కొక్కెం ఖాళీగానే ఉంది. బరువు మాత్రం ఉంది.

"కోడలా, అటుపక్క మీ అమ్మ పట్టుకుందే."

"తెలుసు. పొద్దుట్నుంచీ తెలుసు."

మేడమ్ నూనె డబ్బా తెస్తుంది. తేడా పోతేనే రికార్డులో సంతకం పెడుతుందట.

"తేడా ఉండనివ్వండి మేడమ్" అంటుంది మంజరి. "నాకు అదొక్కటే మిగిలింది."

మేడమ్ చెడ్డది కాదు. మంజరి తల నిమిరి, ఇరుసులో నూనె వేస్తుంది. మళ్ళీ పైకి లాగి వదిలితే, నేను పుస్తకంలో ఉన్నంత వేగంగా వచ్చి నేలకి కొట్టుకుంటాను. రెండో కొక్కెం పైకెళ్ళి కప్పుకి తగిలి ఆగుతుంది. దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి. మేడమ్ సంతకం పెట్టి వెళ్ళిపోతుంది.

మంజరి ఆ బొట్లకింద దోసిలి పడుతుంది. కాసేపటికి బొట్లూ ఆగిపోతాయి.

నా కింద గచ్చు గుండ్రంగా విచ్చుకుంటుంది. లోపల నూతి వరలు, అడుగున నల్లటి నీళ్ళు. మంజరి కొంచెం కొంచెంగా తాడు వదులుతుంది. దిగుతూ నేను కప్పలా బెకబెకమంటాను. పైన నవ్వు వినపడదు.

"అందిందా మామయ్యా?"

"ఇంకొంచెం వదులమ్మా."

నీళ్ళు అందుతాయి. కానీ నేను తేలుతున్నాను. జన్మంతా వేళాకోళమే, లోపల ఏమీ లేదు. పైనుంచి తాడు రెండుసార్లు కుదుపుతుంది, వాళ్ళమ్మ కుదిపినట్టే. నేను ఒక పక్కకి ఒరుగుతాను. నా నోరు నీటి అంచుకి చేరుతుంది. మెల్లగా నిండడం మొదలుపెడతాను.